నయాపూల్‌ను రివర్స్ చేస్తే ఏమొస్తుంది?

ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్న ఒకటుంది: "ఒక స్ట్రింగును రివర్స్ చేయండి". జావా వాళ్ళు ఒక్క లైన్లో తేల్చేస్తారు. స్ట్రింగ్‌బఫర్‌లో పడేసి రివర్స్ అని పిలిస్తే సరి. ఇప్పుడు ఆ బఫరులో ఇంగ్లీషు మాట కాకుండా "నయాపూల్" అని తెలుగులో వేసి చూడండి. ముందు ఏ అక్షరానికీ అంటుకోని పొల్లు ఒకటి ఒంటరిగా నిలబడుతుంది, దాని వెనకాల "లూపాయన" అని వస్తుంది.

జరిగిందేమిటంటే, "నయాపూల్" అనే మాట మెమరీలో ఏడు ముక్కలు: న, య, దీర్ఘం, ప, ఊకారపు కొమ్ము, ల, పొల్లు. బఫరు ఈ ఏడింటినీ బుద్ధిగా వెనక నుంచి ముందుకు పేర్చింది. "యా"లో ఉన్న దీర్ఘం పోయి "ప"కి తగులుకుంది. "పూ"లో ఉన్న కొమ్ము "ల"కి అంటుకుంది. లకారపు పొల్లు మాత్రం అనాథ అయింది. ప్రోగ్రాములో బగ్గేమీ లేదు, స్పెసిఫికేషన్ ప్రకారం అది చేయాల్సిన పనే చేసింది. మరి తప్పెక్కడుంది? ఆ సంగతి తెలియాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. రండి, వెళ్దాం.

అన్నట్టు, ఈ మాటనే ఎందుకు ఎంచుకున్నానంటే, పాతబస్తీకి వెళ్ళే ప్రతిసారీ ఆ వంతెన పేరు చూసి నాకు నవ్వొస్తుంది. పురానాపూల్ కట్టింది 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో. అంటే హైదరాబాదు కంటే (1591) వంతెనే ముందు పుట్టింది. నయాపూల్ ఐదో నిజాము అఫ్జల్ ఉద్దౌలా (1857-1869) కాలపు వంతెన. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదకి దెబ్బతిని మళ్ళీ లేచింది. నూటయాభై ఏళ్ళు దాటినా అది ఇంకా "కొత్త" వంతెనే. కోడులో ఫంక్షను పేరుకి "న్యూ" అని తగిలించే కుర్రాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే. ఈ రోజు కొత్తది రేపు పాతబడుతుంది, పేరు మాత్రం మిగిలిపోతుంది. యూనికోడు చరిత్ర కూడా అచ్చంగా ఇంతే. ఒక్కొక్కటీ దాని కాలానికి నయాపూల్.

16 బిట్లు చాలనుకున్న రోజులు

జావా 1.0 వచ్చింది 1996 జనవరిలో. స్ట్రింగు మార్చలేనిది, స్ట్రింగ్‌బఫర్ మార్చదగినది. ఈ విభజన మొదటి రోజు నుంచీ ఉంది. అక్షరానికి 16 బిట్లు కేటాయించారు. 65,536 గళ్ళుంటే ప్రపంచంలోని లిపులన్నీ పట్టేస్తాయని అప్పటి నమ్మకం. అదే ఏడాది జులైలో యూనికోడు 2.0 వచ్చి, అవి చాలవు, రెండు 16 బిట్ల ముక్కలు కలిపి ఒక అక్షరంగా చదువుకోవచ్చు అంది. వాటినే సరొగేట్ జంటలు అంటారు. దాంతో గళ్ళ సంఖ్య 11,14,112కి చేరింది. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ పై అంతస్తుల్లో ఒక్క అక్షరమూ లేదు. 2001లో యూనికోడు 3.1 ఒకేసారి దాదాపు 45 వేల అక్షరాలు తెచ్చి పోసింది. అందులో అత్యధిక భాగం చైనా, జపాను వాళ్ళు వాడే చిత్రాక్షరాలు. చైనా ప్రభుత్వం అప్పటికే, 2000లో, జీబీ 18030 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. అక్కడ సాఫ్టువేరు అమ్మాలంటే దాన్ని పాటించాల్సిందే. ఇక కంపెనీలన్నీ పరుగులు పెట్టాయి.

ఇస్కీ నుంచి వచ్చిన వారసత్వం

మన సంగతి వేరు. మన అక్షరాలకి కొదవేం లేదు, 1991 అక్టోబరులో వచ్చిన యూనికోడు 1.0లోనే 128 గళ్ళ గది మనకుంది. ఆ గది అమరిక ఇస్కీ నుంచి వచ్చింది. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1988లో తెచ్చిన ఇస్కీ ముసాయిదానే యూనికోడు ఆధారం చేసుకుంది (భారతీయ ప్రమాణంగా ఇస్కీ 1991లో ఖరారయింది). బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటికీ ఒకే మూస: హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, హలంతం. దేవనాగరి "క" తన గదిలో ఎన్నో గడిలో ఉంటే తెలుగు "క" కూడా తన గదిలో అన్నో గడిలోనే ఉంటుంది. తెలివైన పనే. క్ష, జ్ఞ, స్త్రీ లాంటివాటికి విడిగా గళ్ళు అక్కర్లేదు, హల్లుకీ హల్లుకీ మధ్య పొల్లు పెట్టి దాచుకుంటే, ఒత్తులుగా గీసే పని ఫాంటు చూసుకుంటుంది.

కొరియా వాళ్ళు ఇంకో దారి పట్టారు. వాళ్ళ హంగుల్ లిపిలో ముక్కలు కలిసి ఏర్పడే అక్షరాలన్నీ, మొత్తం 11,172, యూనికోడు 2.0లో విడివిడిగా గళ్ళు సంపాదించుకున్నాయి. వాళ్ళ పేరుని రివర్స్ చేస్తే అక్షరం అక్షరంగానే తిరుగుతుంది. మనం క, కా, కి, క్ష, క్ష్మి అన్నిటికీ గళ్ళు అడిగి ఉండాల్సిందని వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మన ఒత్తుల కలయికలకి అంతు లేదు, ఇంగ్లీషు మాటని తెలుగులో రాసిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంయుక్తాక్షరం పుడుతుంది. ఇస్కీ దారే సరైనది. కాకపోతే ఆ దారికి ఒక ఖర్చుంది: మెమరీలో ఉన్న ముక్క వేరు, మనం అక్షరం అనుకునేది వేరు. ఆ తేడా ఎవరు భరించాలి? స్ట్రింగు క్లాసు భరించాలి. అక్కడే కథ అడ్డం తిరిగింది.

2004: పక్కనే ఇంకో వంతెన

జావాలో 16 బిట్ల "చార్" ఇరుకైపోయిందని తేలాక వాళ్ళ ముందు ఉన్న దారులు కొన్నే. ఒకటి, చార్‌నే 32 బిట్లకి పెంచేయడం, అంటే అప్పటిదాకా రాసిన కోడంతా అటకెక్కుతుంది. రెండు, చార్‌32 అని కొత్త రకం పెట్టడం. మూడు, మామూలు ఇంటీజరునే కోడుపాయింటుగా వాడుతూ, ఉన్న క్లాసులకి కొత్త మెథడ్లు చేర్చడం. జేఎస్‌ఆర్ 204 పేరుతో మూడో దారి గెలిచింది. 2004 సెప్టెంబరులో విడుదలైన జావా 5లో స్ట్రింగ్‌బఫర్‌కీ, దాని కొత్త తమ్ముడు స్ట్రింగ్‌బిల్డర్‌కీ ఐదు మెథడ్లు వచ్చాయి: ఫలానా చోటున్న కోడుపాయింటు ఏది, దానికి ముందున్నది ఏది, ఈ మధ్యలో ఎన్ని ఉన్నాయి, ఇన్ని కోడుపాయింట్లు జరిగితే ఎక్కడికి చేరతాం, చివర ఒకటి చేర్చు. రివర్స్ కూడా సరొగేట్ జంటని విడదీయకుండా తిప్పుతుందని హామీ ఇచ్చారు.

పాత వంతెన కూల్చకుండా పక్కన కొత్తది కట్టారన్నమాట. పాత కోడు పాత వంతెన మీదే నడుస్తుంది. ఇంజనీరుగా నేను దీన్ని మెచ్చుకుంటాను. కానీ రెండు చిక్కులు.

మొదటిది, బఫరును మార్చే మెథడ్లలో ఎక్కువ భాగం పాత లెక్కలోనే ఉండిపోయాయి. సెట్‌లెంగ్త్, డిలీట్‌చార్‌ఎట్, సెట్‌చార్‌ఎట్, ఇన్సర్ట్ అన్నీ 16 బిట్ల ముక్కల్నే లెక్కపెడతాయి. చదవడానికి కొత్త వంతెన, కోయడానికి పాత కత్తి.

రెండోది మనకి సంబంధించింది. తెలుగు గది పూర్తిగా మొదటి అంతస్తులోనే ఉంది కాబట్టి, మనకి ఒక చార్ అంటే ఒక కోడుపాయింటే. అంటే ఆ ఐదు మెథడ్లూ తెలుగుకి చేసిన మేలు సున్నా. "నయాపూల్" 1996లో ఏడు, 2004లోనూ ఏడే. "లూపాయన" అప్పుడూ అదే, ఆ తర్వాతా అదే. తమాషా ఏమిటంటే, మన లిపికి ముత్తాత అయిన బ్రాహ్మీ 2010లో యూనికోడు 6.0తో పై అంతస్తులో చేరింది. అమరావతి, భట్టిప్రోలు శాసనాలని జావాలో ఎక్కిస్తే ఈ మెథడ్లు చక్కగా పనికొస్తాయి. శాసనానికి భద్రత ఉంది, మన పేరుకి లేదు!

మీట నొక్కితే మారే బఫరు

"రివర్స్ ఎవరు వాడతారండీ నిజంగా?" అంటారా? నిజమే. కానీ తెలుగు టైపు చేసిన ప్రతి ఒక్కరూ మార్చదగిన బఫరుతోనే కాపురం చేశారు. 1990లలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, దాని మీద ఆధారపడి 2006లో వచ్చిన వీవెన్ గారి లేఖిని గుర్తున్నాయి కదా. ఇలాంటి కీబోర్డు మీటమీటకీ పనిచేస్తోందనుకోండి. "కె" మీట నొక్కగానే బఫరులో క, దాని వెంట పొల్లు చేరతాయి. తర్వాత "ఏ" మీట నొక్కితే పొల్లు తీసేయాలి, "ఐ" నొక్కితే పొల్లు తీసి ఆ స్థానంలో గుడి పెట్టాలి. మళ్ళీ హల్లు నొక్కితే పొల్లు అలాగే ఉంచి కొత్త హల్లు చేర్చాలి, అది ఒత్తుగా మారిపోతుంది. ఒక వాక్యం రాసేలోపు వందసార్లు చేర్చడం, తీసేయడం. ఇక్కడ కోడుపాయింటు స్థాయి కోతే కావాలి, అక్షరం మొత్తం పోకూడదు. బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలా చోట్ల గుణింతం మాత్రమే పోవడానికి కారణం ఇదే. అందుకే ఏ పనికి ఏ కొలత వాడాలో తెలియాలి. టైపు చేసేటప్పుడు కోడుపాయింటు, కర్సరు జరిపేటప్పుడు, కత్తిరించేటప్పుడు అక్షరం. అన్నిటికీ ఒకే కొలత ఇచ్చిన క్లాసు ఎక్కడో ఒకచోట మోసం చేస్తుంది.

సుబ్బలక్ష్మి, సుబ్బలక్ష్

ఇదంతా సిద్ధాంతం అనుకునేవాళ్ళకి మా పిన్ని కథ చెప్పాలి. ఆమె పేరు సుబ్బలక్ష్మి. ఒక సంస్థ (పేరు వద్దులెండి) తన రికార్డుల్ని తెలుగులోకి మార్చి ఆమెకో కాగితం పంపింది. అందులో పేరు "సుబ్బలక్ష్" అని ఉంది. ఆ కాగితం పట్టుకుని ఇంకో ఆఫీసుకి వెళితే, "ఈ పేరు మీ ఆధార్లో పేరుతో కలవట్లేదమ్మా, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెచ్చుకోండి" అన్నారు. ఆ అఫిడవిట్ కోసం నయాపూల్ దగ్గర, ఎర్రరాతి హైకోర్టు భవనం పక్కన, నోటరీ దగ్గర కూర్చున్నది నేనే. "సుబ్బలక్ష్ మరియు సుబ్బలక్ష్మి అనువారు ఒక్కరే" అని స్టాంపు కాగితం మీద రాయించాం. ఈక్వల్స్ మెథడుకి ఇంత ఖరీదైన ఇంప్లిమెంటేషన్ నేనెక్కడా చూడలేదు.

లోపల ఏం జరిగి ఉంటుందో లెక్క వేయడం కష్టం కాదు. ఇంగ్లీషులో ఆమె పేరు 12 అక్షరాలు, 12 బైట్లు. తెలుగులోనూ 12 కోడుపాయింట్లే, కానీ యూటీఎఫ్-8లో తెలుగు కోడుపాయింటుకి మూడేసి బైట్లు, అంటే 36. గడి పరిమితి 30 బైట్లు అనుకోండి, సరిగ్గా పది కోడుపాయింట్లు పడతాయి. చివరి "మ", గుడి రాలిపోతాయి. మిగిలింది అచ్చంగా "సుబ్బలక్ష్". 30ని మూడు నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి చెత్త గుర్తులేవీ రావు, ఎర్రరు రాదు, లాగులో ఒక్క లైను కూడా పడదు. అదే 20 బైట్లయితే మధ్యలో తెగిన కోడుపాయింటు ప్రశ్నార్థకమై కనిపించేది, ఎవరో ఒకరు చూసేవాళ్ళు. శుభ్రంగా తెగిన తెలుగు పేరే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అది ఇంకో తెలుగు మాటలా ఉంటుంది. "లక్ష్మి"ని నాలుగు దగ్గర కోయండి, "లక్ష" వస్తుంది. పేరు పోయి అంకె మిగిలింది!

ఒరాకిల్ 2001లో 9ఐ తోనే కాలమ్ కొలతని బైట్లలోనా, క్యారెక్టర్లలోనా అని ఎంచుకోనిచ్చింది. అయినా ఏమీ చెప్పకపోతే బైట్లే. డిఫాల్టు ఎవరిదో ప్రపంచం వాళ్ళది.

అక్షరం ఎక్కడ ఆగుతుంది?

సరే, కోడుపాయింటు కాదు, అక్షరమే కొలత కావాలి అనుకుందాం. దానికి నిర్వచనం ఏది? యూనికోడు వాళ్ళు గ్రాఫీమ్ క్లస్టర్ అనే మాట తెచ్చారు, తెలుగులో అక్షర గుచ్ఛం అందాం. మొదట్లో ఉన్న నియమం ప్రకారం హల్లుకి పైన అంటుకునే గుర్తులు మాత్రమే కలిసేవి. మన దీర్ఘం, గుడి, పొల్లు ఆ జాబితాలో ఉన్నాయి, కొమ్ములు లేవు. కాబట్టి "యా" ఒక గుచ్ఛం, "పూ" మాత్రం రెండు ముక్కలు. "నయాపూల్" లెక్క 5. తెలుగు పలక పట్టిన ఏ పిల్లాడూ ఒప్పుకోని లెక్క. 2008లో యూనికోడు 5.1తో విస్తృత గుచ్ఛాలు వచ్చి అది 4 అయింది: న, యా, పూ, ల్. హమ్మయ్య.

కానీ ఒత్తులు? అప్పటికీ "స్త్రీ" మూడు గుచ్ఛాలే: స్, త్, రీ. "లక్ష్మి" నాలుగు. పొల్లు దగ్గర తెంచేయడమే నియమం. దీన్ని సరిదిద్దింది 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడు 15.1. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో హల్లు-పొల్లు-హల్లు కలిస్తే విడదీయొద్దని కొత్త నియమం పెట్టారు. ఇప్పుడు "స్త్రీ" ఒకటి, "లక్ష్మి" రెండు. 1991లో మనకి గది దొరికితే, మన అక్షరం అక్షరంగా లెక్కకొచ్చింది 32 ఏళ్ళ తర్వాత.

భాషలు దీన్ని ఎలా అందుకున్నాయో చూడండి. రూబీలో మామూలు స్ట్రింగే మార్చదగినది. 1.8 రోజుల్లో దానికి బైట్లు తప్ప ఏమీ తెలియవు, "నయాపూల్" పొడవు 21 అనేది. 2007 జనవరిలో రెయిల్స్ 1.2 ఆ స్ట్రింగు క్లాసుకే "చార్స్" అనే మెథడు తగిలించి యూనికోడు నేర్పింది. మూల భాషలోకి గుచ్ఛాల మెథడు 2017 డిసెంబరులో, రూబీ 2.5తో వచ్చింది. 2014లో వచ్చిన యాపిల్ వారి స్విఫ్ట్ ధైర్యం చేసి, క్యారెక్టర్ అంటేనే గుచ్ఛం అంది. జావాలో విరామాలు కనిపెట్టే బ్రేక్‌ఇటరేటర్ 1997 నుంచీ ఉన్నా, విస్తృత గుచ్ఛాల నియమాలు దానికి అందింది 2023 మార్చిలో, జావా 20తో. కానీ స్ట్రింగ్‌బిల్డర్‌లో "ఈ గుచ్ఛం తీసేయి" అనే మెథడు అప్పటికీ చేర్చలేదు.

గుచ్ఛాలుగా రివర్స్ చేస్తే అంతా బాగుపడుతుందా? "నయాపూల్"ని నాలుగు గుచ్ఛాలుగా తిప్పండి: ల్, పూ, యా, న. వరసగా అతికిస్తే "ల్పూయాన". చూశారా, పొల్లు పక్కన హల్లు రాగానే ఒత్తు పుట్టేసింది! నాలుగు గుచ్ఛాలు మూడయ్యాయి. కోసేటప్పుడే కాదు, అతికేటప్పుడు కూడా తెలుగు మారుతుంది. బఫరులో రెండు తెలుగు ముక్కల్ని పక్కపక్కన పెట్టడం కూడిక కాదు, సంధి. ల్ అలాగే ఉండాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. కంటికి కనపడని ఆ గుర్తు ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞ"కీ దీర్ఘానికీ మధ్య అది దూరిన ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని కుప్పకూల్చింది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. "జ్ఞానం వస్తే ఫోను పోతుంది" అని అప్పట్లో మా ఆఫీసులో జోకులు.

ఒక బోర్డు, మూడు లిపులు

నయాపూల్ చుట్టుపక్కల బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకి. మెమరీలో మాత్రం పలికే క్రమంలోనే ఉంటుంది, తెరమీద దిక్కు మార్చే పని యూనికోడు నియమాలది. బఫరు చివర ఉర్దూ మాట చేర్చితే తెర మీద ఎడమ పక్కన కనిపిస్తుంది. అది బగ్గనుకుని రివర్స్ కొట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దగ్గర్లోని ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డులు వేసేవాళ్ళకి ఈ కష్టం కొత్త కాదు. చేతిరాత కాతిబుల నుంచి 1981 నాటి నూరీ నస్తాలీఖ్, 1994 నాటి ఇన్‌పేజ్ దాకా చూసినవాళ్ళు. వాళ్ళకి తెలుగు, ఉర్దూ పక్కపక్కనే బతకడం రోజువారీ పని, మన లైబ్రరీలకి మాత్రం "ఎడ్జ్ కేసు".

ఇంకో చిక్కు ఏ మెథడూ తీర్చలేదు. ఉర్దూలో వంతెన అంటే "పుల్", హ్రస్వం. తెలుగులో కొందరు నయాపుల్, కొందరు నయాపూల్ రాస్తారు. వెతికితే ఒకటి దొరికి రెండోది దొరకదు. ఇక "హైదరాబాద్" అయితే ఒకేలా కనిపిస్తూనే రెండు రకాలుగా ఉండొచ్చు. ఐత్వపు గుర్తుని యూనికోడు ఒక్క ముక్కగానూ, ఎత్వం ప్లస్ కింది ముక్కగానూ రెండు విధాలా ఒప్పుకుంటుంది. పొడవు 9 లేదా 10. పోల్చే ముందు నార్మలైజ్ చేయకపోతే హైదరాబాద్, హైదరాబాద్ కాదు అని తేల్చేస్తుంది మీ ప్రోగ్రాము.

మన భాషలో అక్షరం అంటే నశించనిది అని అర్థం. మ్యూటబుల్ స్ట్రింగులో పడ్డాక అది నశించకుండా చూడాల్సింది మనమే. లైబ్రరీలు రాసేవాళ్ళు చైనా ప్రమాణానికి స్పందించారు, ఎందుకంటే అక్కడ కొనేవాళ్ళు అడిగారు. లక్షలమంది తెలుగు ఇంజనీర్లం ఆ లైబ్రరీలతోనే రోజూ పనిచేస్తూ ఉన్నాం, అయినా మన టెస్టు డేటాలో "జాన్ స్మిత్" తప్ప ఇంకొకరు ఉండరు. అందుకే అడుగుతున్నాను, ఈ వారం మీ యూనిట్ టెస్టుల్లో ఈ ఐదు మాటలు చేర్చండి. నయాపూల్: కోడుపాయింట్లు 7, అక్షరాలు 4. లక్ష్మి: 7, 2. స్త్రీ: 6, 1. జ్ఞానం: 6, 2. హైదరాబాద్: 9 లేదా 10, అక్షరాలు 5. వీటిని మీ సిస్టంలో పేరు గడిలో వేయండి, కోయించండి, అతికించండి, వెతికించండి. గడి చాలకపోతే నోరు మూసుకుని కోసేయకుండా ఎర్రరు ఇవ్వమనండి. తేడా కనిపిస్తే బగ్గు ఫైల్ చేయండి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, నోటరీ అంతకంటే అక్కర్లేదు.